కీర్తి అని పేరు పెడితే కీర్తి వస్తుందా?

పోయిన ఎండాకాలం మా పక్క గూడెంలో ఒక మగబిడ్డకు పేరు పెడుతున్నామని పిలిచారు. తండ్రి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు చిన్న సర్కారు నౌకరీ. నేను మంచం మీద కూర్చున్నానో లేదో ఫోన్ చేతిలో పెట్టాడు. "సార్, కీర్తి అని అర్థం వచ్చే పేర్లన్నీ ఏరి పెట్టిన. ఒకటి మీరే ఖాయం చెయ్యండి" అన్నాడు. యశ్వంత్, యశస్వి, ప్రఖ్యాత్, విఖ్యాత్, విశ్రుత్. కిందికి జరిపితే రాబర్ట్, లూయీ, మిరోస్లావ్ కూడా ఉన్నాయి. ఒక్కొక్క పేరు పక్కన అది ఏ భాషదో, దాని అర్థమేమిటో, దాని అదృష్ట సంఖ్య ఎంతో.

చివరికి విశ్రుత్ ఖాయమైంది. నాయనమ్మను పిలిచి బిడ్డ చెవిలో పేరు చెప్పమన్నారు. ఆమె మొదటిసారి "ఇస్రూతు" అన్నది. కొడుకు సరిదిద్దాడు. రెండోసారి "ఇచ్చురుతు" అన్నది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మూడోసారి చెప్పలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకుని "బుడ్డోడా" అన్నది. ఇప్పటికీ అలాగే పిలుస్తోంది.

విశ్రుతుడంటే నలుగురి చెవిన పడినవాడు, అందరూ విన్నవాడు. సొంత నాయనమ్మ నోట పలకని పేరును ఇక ఏ నలుగురు వినాలి?

ఈ సంగతి మా ఉపాధ్యాయ మిత్రులకు చెబితే, "పేరులో ఏముంది మాష్టారూ, పోడు భూములకు పట్టాలు రాక చస్తుంటే మీకు పేర్ల గోల" అన్నారు. పేరులో ఏముందో ఆ పోడు పట్టాలతోనే తరువాత చెబుతాను. ముందు ఆ ఫోన్‌లోని జాబితా సంగతి చూద్దాం. దాని మీద నాకు కోపం ఉంది కానీ, దాన్ని బాగా చదివితే అదే మన తరఫున సాక్ష్యం చెబుతుంది.

రాబర్ట్ అంటే పాత జర్మన్ తెగల మాటల్లో కీర్తి, వెలుగు. రోజర్ అంటే కీర్తి, బల్లెం. రుడాల్ఫ్ అంటే కీర్తి, తోడేలు. లుడ్విగ్ అన్నా లూయీ అన్నా ఒకటే పేరు: ప్రసిద్ధి, యుద్ధం. ఈ పేర్లు పెట్టుకున్నవాళ్లు ఒకప్పుడు అడవుల్లో తెగలు తెగలుగా బతికినవాళ్లే. తమ బల్లేన్నీ తమ తోడేలునూ బిడ్డ పేరులో దాచుకున్నారు. నాగరికులం అయ్యాం కదా అని తోడేలును తీసి పారెయ్యలేదు. గ్రీకుల పెరిక్లీస్‌లో, హెరాక్లీస్‌లో, క్లియోపాత్రాలో ఉన్నది క్లియోస్, అంటే కీర్తి. మిరోస్లావ్, యారోస్లావ్, స్తానిస్లావ్‌లలో ఉన్నది స్లావ్ జాతుల సొంత మాట స్లావా, అదీ కీర్తే. పారశీకంలో నామ్‌దార్ అంటే పేరున్నవాడు. తమిళులు పుగళేంది అంటారు, పుగళ్ అంటే కీర్తి. ఆ తమిళనాడులోనే వేదాచలం అనే పండితుడు 1916లో తనిత్తమిళ్ ఉద్యమం మొదలుపెట్టి, తన పేరులోని ఒక్కొక్క సంస్కృతపు ముక్కకూ తమిళపు ముక్క వేసుకుని మఱైమలై అడిగళ్ అయ్యాడు.

చూశారా, ప్రతి జాతీ కీర్తిని తన నోటి మాటతోనే కోరుకుంది. ఎవరూ పక్కవాడి నోరు అరువు తెచ్చుకుని బిడ్డను దీవించలేదు. జాబితా మొత్తంలో లేని భాషలు గోండి, కోయ, కొలామి, కువి, సవర. మన భాషలు ఆ జాబితా రాసినవాడికి తెలియవు. తెలియనందుకు వాడిని తప్పుపట్టను. మనకు తెలిసి కూడా ఆ జాబితాలోంచి ఏరుకుంటున్నాం, గొడవ అక్కడ.

ఇంకో సంగతి. గ్రీకు క్లియోస్, స్లావుల స్లావా, సంస్కృతంలోని శ్రవస్సు, విశ్రుతం, ఇవన్నీ ఒకే పాత వేరు నుంచి మొలిచాయని భాషావేత్తలు చెబుతారు. ఆ వేరుకు అర్థం వినడం. కీర్తి అంటే వినబడటం. తెలుగువాళ్లకైతే ఇంత దూరం పోనక్కర లేదు. "పేరు తెచ్చుకున్నాడు", "పేరున్న మనిషి" అంటారు. పేరే కీర్తి. ఉన్న పేరు తీసేసి కీర్తి కోసం ఇంకో పేరు వెతుక్కోవడం చేతిలో గొడ్డలి పెట్టుకుని గొడ్డలి కోసం అడవంతా తిరగడమే.

ఇక మన పేర్లు. ముందే ఒక మాట ఒప్పుకుంటాను. మనవి కల్తీలేని పేర్లని నేను అనను. రామయ్య, ముత్తయ్య, లచ్చుబాయి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నాయి. లక్ష్మి బయటి నుంచే వచ్చింది. వచ్చి మన నోట్లో పడి నలిగి లచ్చు అయింది. సోమ, మంగ, బుద్ర, సుక్క, ఐతు అని వారాల మీద పెట్టే పేర్లూ అంతే, వారాల లెక్క బయటిది. సంత ఏ రోజు జరిగితే ఆ రోజు మనకు గుర్తు. కానీ వాటిని మన గొంతుకు సరిపడా విరుచుకున్నాం. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. అరువు తెచ్చుకున్న పేరుకు మన గొంతును విరుచుకోవడం తప్పు. బస్తర్ నుంచి వచ్చిన మన కోయ చుట్టాల్లో జోగ, జోగె, దేవ, దేవె, భీమ, భీమె, హిడ్మ, హిడ్మె అని పేర్లు వింటాం. చివరి అచ్చు ఒక్కటి మారితే అన్న పేరు చెల్లెలి పేరవుతుంది. ఇంత పొదుపైన వ్యాకరణం ఏ పేర్ల పుస్తకంలో ఉంది?

సవరల్లో చనిపోయిన పెద్దల పేరు ఆ వంశంలో పుట్టిన బిడ్డకు వస్తుంది. చచ్చినవాడు ఊరికే పోడు, పేరై తిరిగి వస్తాడు. సంతాలుల్లోనూ అంతే. మనవరాలికి అవ్వ పేరు, మనవడికి తాత పేరు. మనిషి పోతాడు, పేరు చావదు. కీర్తి గురించి ఇంతకన్నా పెద్ద ఆశ ఎవరు పెట్టుకున్నారు? కాకపోతే ఆ కీర్తి పత్రికల్లో పడేది కాదు, పొయ్యి చుట్టూ కూర్చుని నలుగురు తలుచుకునేది.

మా కోయల సంగతి ఒకటి. దుమ్ముగూడెంలో ఉండిన జాన్ కెయిన్ అనే మిషనరీ పందొమ్మిదో శతాబ్దంలో రాసిపెట్టాడు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాలు తెగల పుస్తకంలోకి అది ఎక్కింది. బిడ్డ పుట్టిన ఏడో రోజు ఊరి ముసలమ్మలు చేరి, బిడ్డ చేతిలో ఇప్పాకు పెట్టి ఒక పేరు పలుకుతారు. బిడ్డ పిడికిలి మూస్తే ఆ పేరు ఒప్పుకున్నట్టు. ఆకు వదిలేసినా ఏడ్చినా ఆ పేరు పనికిరాదు, ఇంకో పేరు పలకాలి. ఏడు రోజుల బిడ్డను కూడా "నీకు ఈ పేరు ఇష్టమేనా" అని అడిగిన జాతి మనది. దీన్ని మూఢనమ్మకమని మా సైన్సు మాష్టారు నవ్వాడు. అదృష్ట సంఖ్య కోసం తన కూతురి ఇంగ్లీషు పేరులో రెండు ఏలు ఎక్కువ రాయించింది ఆయనే.

అలా బిడ్డను అడిగి పెట్టిన పేరును బడికి వచ్చిన మొదటి రోజే ఎవరినీ అడగకుండా మార్చేది ఎవరు? మనం. ఉపాధ్యాయులం.

భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సంగతి అందరికీ తెలియాలి. 2022 జూలై 25న ఆమె ప్రమాణం చేసింది. ఆ పదవికి వచ్చిన మొదటి ఆదివాసీ. ద్రౌపది తన తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని ఒక ఒడియా వీడియో పత్రికకు ఆమే చెప్పింది. ఇంట్లో పెట్టిన సంతాలీ పేరు పుటి. వేరే జిల్లా నుంచి మయూర్‌భంజ్‌కు వచ్చిన ఒక టీచరుకు ఆ పేరు నచ్చలేదు. ద్రౌపది అని మార్చాడు. ఆ తరువాత అది కూడా రకరకాలుగా మారుతూ వచ్చిందట. ఆ టీచరు దుర్మార్గుడేమీ కాకపోవచ్చు. పిల్లకు ఏదో మేలు చేస్తున్నానని మహాభారతంలోంచి పేరున్న పేరే తెచ్చి ఉంటాడు. కానీ ఆలోచించండి. ఒక సంతాలీ అవ్వ పేరు రాష్ట్రపతి భవన్ దాకా పోవలసింది, బడి రిజిస్టరు దగ్గరే ఆగిపోయింది.

నేనేమీ తక్కువ తినలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు ఒకటో తరగతిలో ఐదుగురు పిల్లల పేర్లు నా చేత్తో మార్చాను. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. నా పేరును హాస్టల్లో వెక్కిరించిన రోజులు ఇంకా మరిచిపోలేదు. ఈ పిల్లలకు ఆ బాధ ఉండొద్దు అనుకున్నాను. జోగాను యోగేశ్వరరావు చేశాను. తండ్రి పేరు దగ్గర హిడ్మా అని ఉంటే బాగుండదని హనుమంతరావు అని రాశాను. తండ్రికి చదువు రాదు, వేలిముద్ర వేశాడు. (ఇవి కూడా వాళ్ల అసలు పేర్లు కావు. పేర్ల మీద ఇంత రాస్తూ ఆ మనుషుల పేర్లు రాయలేని స్థితి నాది.)

ఇరవై ఏళ్ల తరువాత ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. తండ్రి చనిపోయాడు. అటవీ హక్కుల చట్టం కింద తండ్రికి పట్టా ఉంది. 2006 నాటి ఆ చట్టం ప్రకారం ఆ భూమి అమ్మడానికి లేదు, వారసులకు మాత్రం వస్తుంది. పట్టా మీద హిడ్మా. కొడుకు పదో తరగతి మెమోలో తండ్రి పేరు హనుమంతరావు. ఆధార్‌లో కొడుకు ఇంటి పేరు ఒక రకం, కులం కాగితంలో ఇంకో రకం. హనుమంతరావు కొడుకు యోగేశ్వరరావు హిడ్మా భూమికి వారసుడెలా అవుతాడని ఆఫీసులో అడిగారట. వాళ్ల కాగితం ప్రకారం వాళ్లు అడిగింది సరే. అఫిడవిట్లు, పంచనామా, మీసేవ చుట్టూ తిరగడం, గెజిటు మాట. తొమ్మిది నెలలు కూలి పని మానుకుని తిరిగాడు. నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి ఉంటే దాని కోసం వచ్చాడు. సంతకం పెడుతుంటే నా చెయ్యి వణికింది. అతనికి నా మీద కోపం లేదు. "మీరు మంచి పేరే పెట్టిన్రు సార్" అన్నాడు. తిడితే బాగుండేది.

పోడు పట్టాలకూ పేర్లకూ సంబంధం లేదన్న మిత్రులకు నా జవాబు ఇదే.

ఇంటి పేరు గతి ఇంతకన్నా అధ్వానం. గోండుల ఇంటి పేరు చెప్పగానే నాలుగు దేవుళ్ల సగనో, ఐదో, ఆరో, ఏడో తెలిసిపోతుంది. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు. ఎవరు అన్నదమ్ములో, ఎవరిని పెళ్లాడవచ్చో, ఏ వేల్పు ముందు ఎవరు నిలబడాలో ఆ ఒక్క మాటలో ఉంటుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు గంగ నీళ్లు మోసుకొచ్చేది మెస్రం వాళ్లే. ఇంకెవరు తెచ్చినా జాతర జరగదు. అంత పని చేసే ఇంటి పేరును తెలుగు బడి ఒక్క అక్షరం చేసింది. మడావి అయినా మెస్రం అయినా మడకం అయినా మూడూ ఎం. ఎం.విశ్రుత్ అంటే ఎవరు? ఏ ఊరివాడైనా కావచ్చు. పట్నంలో అద్దె ఇల్లు దొరకాలంటే అదే మంచిదని మనలో కొందరు ఉద్యోగస్తులు లోలోపల సంతోషిస్తున్నారు కూడా. అద్దె ఇంటి కోసం గట్టు దాచుకునేవాళ్లను చూస్తే నాకు జాలి కన్నా కోపమే ముందు వస్తుంది.

తీరా ఎవరో ఫిర్యాదు చేసి కులం మీద విచారణ వస్తే అక్కడ అడిగేది ఇవే. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: తెగ నిజమా కాదా తేల్చడానికి వేల్పులు, ఆచారాలు, పెళ్లి పద్ధతి, చావు తంతు విచారించాలని. దొంగ సర్టిఫికెట్లతో మన ఉద్యోగాలు తన్నుకుపోయినవాళ్లను పట్టుకోవడానికి అది అవసరమే. కానీ రేపు మన విశ్రుత్‌నే కూర్చోబెట్టి నీ గట్టు ఏది, నీ ఇలవేల్పు ఎవరు, మీ తాత పేరేమిటి అని అడిగితే? దొంగ కాగితం పెట్టినవాడు నాలుగు రోజులు బట్టీపట్టి గడగడా చెబుతాడు. మనవాడు నీళ్లు నములుతాడు.

"పాత పేరుతో పెద్ద పెద్ద జాగాల్లో నిలబడలేం సార్" అని డిగ్రీ పిల్లలు నాతో అంటారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకోసమే కొన్ని పేర్లు చెబుతాను వినండి.

బిర్సా. గురువారం పుట్టాడని ఆ పేరు పెట్టారని చెబుతారు. అంతే. కీర్తి లేదు, వెలుగు లేదు, బల్లెం లేదు. పుట్టిన వారం. మిషన్ బడిలో చేరినప్పుడు అతనికి డేవిడ్ అనే పేరు తగిలించారు. ఆ పేరు ఆ బడిలోనే ఉండిపోయింది. 1875లో పుట్టి, 1900 జూన్ 9న రాంచీ జైలులో ఇరవై ఐదేళ్లు నిండకముందే చనిపోయాడు. ఇవాళ రాంచీలో విమానం దిగితే అది బిర్సా ముండా విమానాశ్రయం. అతను పుట్టిన నవంబర్ 15ను 2021 నుంచి దేశమంతా జనజాతీయ గౌరవ దినంగా జరుపుతున్నారు. అతనికన్నా ముందు 1832లో తెల్లవాళ్ల తుపాకులకు ఎదురు నిలిచి చనిపోయిన ఉరావ్ నాయకుడు బుధు భగత్. బుధు అంటే బుధవారం. పేర్ల జాబితా రాసేవాడి లెక్కలో ఇవి అర్థం లేని పేర్లు. అదృష్ట సంఖ్య కూడా ఎవరూ చూడలేదు.

మన దగ్గర భీం. మహాభారతం భీముడొక్కడే కాదు, గోండుల వేల్పుల్లో భీమల్ పేన్ ఉన్నాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు బలైన మనిషి పేరు మీద 2016లో జిల్లా వచ్చింది. అతని ఇంటి పేరును కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అని నాలుగు రకాలుగా రాస్తున్నాం. గోండులు పలికేది కుమ్రం. జిల్లా పేరుగా ఎక్కించేటప్పుడు కూడా ఆ ఇంటివాళ్ల నోట ఎలా పలుకుతుందో అదే ఖాయం చెయ్యాలని మనకు తోచలేదు. మేడారంలో కోటిమంది తలుచుకునే సమ్మక్క, సారలమ్మల పేర్లు ఏ పుస్తకంలోంచి ఏరారు? ఆ తల్లి కొడుకు జంపన్న పేరు ఒక వాగుకే ఉంది.

దీనికి ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను అబద్ధం ఆడినట్టే. పని చేసినంత మాత్రాన పేరు రాదు, రాసేవాడు ఉండాలి. 1922-24 మన్యం పోరాటం అనగానే పలికే పేరు ఒక్కటే. ఆ మహానుభావుడికి దక్కిన గౌరవం దక్కాల్సిందే, 2022లో ఆయన పేరు మీద జిల్లా వచ్చినందుకు నాకు కడుపుమంట లేదు. కానీ ఆయన పక్కన నిలబడి 1924లోనే ప్రాణం వదిలిన గాం గంటందొర పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆయన తమ్ముడు గాం మల్లుదొర జైలుకు పోయి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడని ఎందరు టీచర్లు పాఠంలో చెప్పారు? శ్రీకాకుళంలో 1967 అక్టోబర్ 31న లేవిడిలో భూస్వాముల తుపాకులకు పడిపోయిన కోరన్న, మంగన్న పేర్లు? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది. హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. లెక్కల మీద నలభై ఏళ్లుగా కొట్లాడుతున్నాం. ఆ 13 మందిలోనైనా ఒక్కరి పేరు చెప్పగలిగే విద్యార్థి నాకు ఇంతవరకు దొరకలేదు. ఉన్న కీర్తిని పలకడం చేతగాక, లేని కీర్తిని ఫోన్‌లో వెతుకుతున్నాం. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా మన జాతికి ఏ పేరు ఉండాలన్న దాని మీదే గట్టిగా వాదించి, ఆదివాసీ అన్న మాట కావాలన్నాడు. మనమో ఇంట్లో బిడ్డ పేరు దగ్గరే చేతులెత్తేస్తున్నాం.

పేరు పెట్టుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులది, నువ్వెవరు చెప్పడానికి అంటారా? నిజమే. యశ్వంత్ అని పెట్టుకున్నవాణ్ని వెలివెయ్యమని నేను చెప్పడం లేదు. కానీ అది స్వేచ్ఛ అవునో కాదో ముందు తేలాలి. క్లాసులో హిడ్మె అని హాజరు పిలిస్తే వెనక బెంచీ నవ్వినప్పుడు, టీచరు కూడా పెదవి బిగబట్టుకుని నవ్వు ఆపుకున్నప్పుడు, సినిమాలో సుక్కి, గంగి అనే పేర్లు ఎగతాళికే ఉన్నప్పుడు, ఆ పిల్ల పెద్దదై తన బిడ్డకు ప్రఖ్యాతి అని పెడితే దాన్ని స్వేచ్ఛ అంటామా? తన బిడ్డకు దెబ్బ తగలకూడదని అడ్డం పెట్టుకున్న చెయ్యి అది. ఆ చేతిని నేను తప్పుపట్టను. నవ్విన నోటిని తప్పుపడతాను. ఆ నోరు గిరిజనేతరులది మాత్రమే అయితే నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. మన హాస్టళ్లలో మన పిల్లలను చూసి మన వాళ్లే నవ్వుతున్నారు.

పనికొచ్చే మాట రెండు చెబుతాను, టీచర్లు, ఆశా అక్కలు, అంగన్‌వాడీ అక్కలు మరిచిపోవద్దు. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. బిడ్డ పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించుకోవచ్చు. పన్నెండు నెలల లోపు పేరు ఎక్కిస్తే రుసుము లేదు. ఆ తరువాత కూడా పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో ఎక్కించవచ్చు. కాబట్టి కాన్పు గదిలో "తొందరగా చెప్పు, ఏదో ఒకటి రాస్తా" అంటే, భయపడి నోటికొచ్చిన పేరు చెప్పనక్కర లేదు. ఏడో రోజు వచ్చేదాకా, అవ్వ పలికేదాకా ఆగవచ్చు. అయితే 2023 అక్టోబర్ 1 తరువాత పుట్టినవాళ్లకు బడిలో చేర్చడం నుంచి ఆధార్, ఓటు, ఉద్యోగం దాకా పుట్టిన సర్టిఫికెట్టే ఆధారం. అందులో ఒక అక్షరం తప్పు పడితే ఆ తప్పు బిడ్డతో పాటే పెరుగుతుంది. ఇంటి పేరు పూర్తిగా రాయించండి, ఒక్క అక్షరంతో సరిపెట్టనివ్వకండి. తండ్రి పేరు పట్టా మీద ఎలా ఉందో అలాగే రాయించండి. తల్లి పేరు కూడా. అటవీ హక్కుల పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలని చట్టమే చెబుతోంది.

ఇక బడి. ఈ జూన్‌లో మా బడిలో చేరికలప్పుడు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కాగితం చూసి పేరు రాయను. పిల్లతో వచ్చినవాళ్లను పలకమంటాను, విని రాస్తాను, రాసింది మళ్లీ చదివి వినిపిస్తాను. మొదటి రోజు ఒక ముసలమ్మ మనవరాలిని తీసుకొచ్చింది. పేరు ఏమిటని అడిగితే "మీరే ఏదన్నా మంచిది రాయున్రి సారూ" అన్నది. ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగాను. చెప్పడానికి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోసారి అడిగితే చెప్పింది. తన పేరే. పెన్ను పట్టుకుని, "అవ్వా, మళ్లీ ఒకసారి నిదానంగా పలుకు, చివర ఇ-నా, ఎ-నా?" అని అడిగాను. ఆమెను ఇంతకుముందు ఎవరూ ఆ మాట అడిగినట్టు లేరు. కొంగు తీసి, నా వైపు వంగి, గట్టిగా పలికింది.